వరసలో లేని ఆకారం

"అన్నీ చూసుకున్నావా? ఏదో ఒకటి మిగిలిపోయే ఉంటుంది, నా మాట విని ఇంకోసారి చూసుకో."

పీహెచ్‌డీ పరీక్ష జరిగే హాలు తలుపు దగ్గర కూతురి కాలరు సవరిస్తూ ఆమె ఆ మాట పైకే అనేసింది. అనకూడదని పొద్దుటి నుంచీ నోరు బిగబట్టుకునే ఉంది. బస్సులో అనలేదు, మెట్లెక్కుతూ అనలేదు, పిల్ల గబగబా నీళ్ళు తాగుతుంటే పొలమారి ప్రాణం మీదికొస్తుందేమోనని భయం వేసినా అనలేదు, తీరా లోపలికి అడుగుపెట్టబోయే ముందు జారిపోయింది. "అమ్మా, నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పని అదే కదా, చూసుకోవడం," అని నవ్వి పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. వెనకే ఉన్న తన తమ్ముడు మోచేత్తో పొడిచాడు. "అక్కా, ఇవాళొక్కరోజు నీ నోటికి సెలవివ్వు. పాపం, పుట్టినప్పటి నుంచీ డ్యూటీలోనే ఉంది."

ఇప్పుడు ఆ తమ్ముడు కూడా నవ్వడం లేదు. హాలు హాలంతా ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది. ముందు వరసలో పరీక్ష చేసే పెద్దవాళ్ళు, వాళ్ళ పక్కన పిల్ల చేత ఇన్నాళ్ళూ పని చేయించిన గైడు మేడం, వెనకాల తోటి విద్యార్థులు, అందరూ ఒక్క వైపే చూస్తున్నారు. తెల్లబోర్డు ముందు, అందరికీ వీపు పెట్టి, చేతిలో నల్లపెన్ను పట్టుకుని తన కూతురు నిలబడి ఉంది. ఏమీ రాయడం లేదు. ఇందాక అన్న ఆ ఒక్క ముక్క, 'చెయ్యలేదు సర్' అన్న ముక్క, ఇంకా గాల్లోనే ఉన్నట్టుంది, ఎవరూ దాన్ని కిందికి దింపడం లేదు. ఆమె చేతిలో నీళ్ళ సీసా మూత ఉంది. సీసా ఎక్కడుందో తెలియదు. నా నోరే, నా పాడు నోరే, ఏదో ఒకటి మిగిలిపోయే ఉంటుందని నేనన్నాను, మిగిలింది, చక్కగా నేనన్నట్టే మిగిలింది, నేను అనకపోతే మిగిలేది కాదేమో. అంతలో ఇంకో మనసు అంటోంది, నువ్వు అన్నది తలుపు దగ్గర, అది మిగిలిపోయింది నాలుగేళ్ళ కిందట, నీ నోటికి అంత బలముంటే ఇన్నాళ్ళలో ఈ ఇల్లు ఎన్నిసార్లు కూలిపోయి ఉండాలి, ఎన్నిసార్లు బస్సు బోల్తా పడి ఉండాలి.

ఇందాకటిదాకా ఎంత బాగా మాట్లాడింది. విశ్వం ఎక్కడ నిలబడి చూసినా ఒకేలా ఉందనుకుందాం అని మొదలుపెట్టింది. అలా ఒకేలా ఉండే విశ్వానికి కూడా రకరకాల ఆకారాలు ఉండొచ్చు, సాగదీసినా నలిపినా పోని ఆకారాలు, వాటి సంగతి చూసే శాస్త్రమే టోపాలజీ. పాత సాపేక్ష సిద్ధాంతంలో ఆ ఆకారం ఊరికే కూర్చోదు, విశ్వం ఎటు ఎక్కువ పొంగాలో ఎటు తక్కువ పొంగాలో అదే శాసిస్తుంది. మేం మార్చిన సమీకరణంలో, ఆకారం వల్ల తప్పనిసరిగా వచ్చే వంపును ముందే తీసేస్తాం, అప్పుడు విశ్వం ఏ ఆకారంలో ఉన్నా సరే అన్ని వైపులా సమానంగా పొంగగలదు, ఇదీ నా ఫలితం, అంది. ఈ సంగతి ఆమెకు కొత్త కాదు. తమ బేకరీలో రొట్టె అచ్చులకి నూనె పూస్తూ ఉండగా పిల్ల పక్కన పీట మీద కూర్చుని చెప్పింది, పుస్తకాల్లో అందరూ విశ్వాన్ని పొంగే రొట్టెతో పోలుస్తారమ్మా, ఎండుద్రాక్షలు దూరం జరిగినట్టు నక్షత్రాల గుంపులు దూరం జరుగుతాయని. ఆమెకి నవ్వొచ్చింది. ఈ పుస్తకాలు రాసినవాళ్ళు ఎప్పుడైనా బట్టీ మొహం చూశారా? రొట్టె అన్ని వైపులా ఎక్కడ పొంగుతుంది, పొడుగు అచ్చులో పోస్తే పైకి పొంగుతుంది, పళ్ళెంలో పోస్తే పక్కకి జారుతుంది, అచ్చు ఎటు పోనిస్తే అటే. "అదేనమ్మా పాత లెక్క! అచ్చు చెప్పినట్టు పిండి వింటుంది. మా లెక్కలో అచ్చుని తీసేస్తాం," అని పిల్ల ఎగిరి గంతేసింది. అచ్చు తీసేస్తే పిండి కారిపోదూ, కింద పడి బట్టీలో మాడిపోదూ, వాసన ఎవరు వదిలిస్తారు అని ఆమెకి ఆ రాత్రంతా దిగులు. పొద్దున్నే అడిగితే పిల్ల పడీపడీ నవ్వింది. "నువ్వు విశ్వం గురించి కూడా భయపడగలవని నాకు తెలుసు గానీ, ఇంత త్వరగా మొదలుపెడతావనుకోలేదు."

ఆ నవ్వే ఇందాక మాట్లాడుతున్నంతసేపూ మొహాన ఉంది. అప్పుడు ముందు వరసలో మెడకి మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన చెయ్యెత్తాడు. "చాలా బాగుంది," అన్నాడు. బాగుందని మొదలుపెట్టేవాళ్ళంటే ఆమెకి హడలు, డాక్టర్లు కూడా అలాగే మొదలుపెడతారు. "మీ థీసిస్ పేరులోనే 'ఏ ఆకారంలోనైనా' అని ఉంది. వరసలో ఉన్న ఆకారాలన్నీ తీసుకుని లెక్క కట్టారు. నేనూ కట్టి చూశాను, తప్పేం లేదు. కానీ ఆ వరసలోకి రాని ఆకారం ఒకటుంది కదమ్మా. గోళాన్ని ఒక తీగ పొడుగునా లాక్కుంటూ పోతే వచ్చేది. దాని సంగతి మీరు రాసినదాంట్లో నాకు కనిపించలేదు." "ఉంది సర్," అంది పిల్ల వెంటనే, అని పేజీలు తిప్పింది, ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది, తిప్పుతున్న చెయ్యి నెమ్మదించింది. "లేదు సర్." "రాయలేదా, చెయ్యలేదా?" అని ఆయన మెత్తగానే అడిగాడు. అప్పుడే పిల్ల ఆ ముక్క అన్నది. "చెయ్యలేదు సర్."

గైడు మేడం ఒళ్ళోంచి కాగితాలు జారి నేల మీద పరుచుకున్నాయి, ఎవరూ ఏరలేదు. తమ్ముడు వెనక్కి తిరిగి, అక్కడ కూర్చున్న అమ్మాయిని గుసగుసగా అడిగాడు, ఏమైందమ్మా, ఇప్పుడేమవుతుంది అని. "మా రంగంలో ఎవరైనా చేసే పొరపాటే అంకుల్," అంది ఆ అమ్మాయి, పాలిపోయిన మొహంతో. "ఆకారాలన్నిటికీ వరస కట్టే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతిలో అదొక్కటీ ఇమడదు. దాన్ని విడిగా చెయ్యాలి. విడిగా చెయ్యాలి కాబట్టే మర్చిపోతాం." అంతలో మఫ్లరాయన అంటున్నాడు, అది తేలకపోతే పేరులో ఆ మాట నిలవదు, మార్చి మొత్తం మళ్ళీ రాసి పెట్టాలి, అలా జరగడం నాకిష్టం లేదు, బోర్డుంది, ఇక్కడే చేసి చూపిస్తారా? మళ్ళీ రాయడమంటే ఇంకో ఏడాది. వచ్చే నెల అబ్జర్వేటరీలో చేరాల్సిన ఉద్యోగం పట్టా లేకుండా ఇవ్వరు, ఆగమంటే ఆగరు, వెనకాల ఎంతమంది నిలబడి ఉన్నారో. పిల్ల తల ఊపింది. ఊపి బోర్డు వైపు తిరిగింది. తిరిగింది తిరిగినట్టే ఉంది.

ఎలా మర్చిపోయింది? ఇంత తెలివైన పిల్ల, చిన్నప్పుడు బడి సంచిలో రబ్బరు ముక్క కూడా మర్చిపోని పిల్ల. ఎలా మర్చిపోతారో తనకి తెలియదా? ఇంటి నుంచి కదిలే ముందు తను వేళ్ళ కణుపుల మీద బొటనవేలు పెట్టి లెక్కపెట్టుకుంటుంది, కిటికీలు ఒక కణుపు, గ్యాసు ఒక కణుపు, కుళాయి, ఇస్త్రీపెట్టె, వెనక తలుపు, మళ్ళీ గ్యాసు, గ్యాసుకి రెండు కణుపులు ఎందుకంటే గ్యాసంటే ఇల్లే లేచిపోతుంది. ఓసారి ఆడపడుచు ఇంటికి వెళ్ళారు, ఉన్న రెండు రోజులూ తను ఇస్త్రీపెట్టె గురించి నిద్రపోలేదు, తీరా తిరిగొచ్చి చూస్తే ఇస్త్రీపెట్టె చల్లగా ఉంది, గ్యాసు కట్టేసి ఉంది, కుళాయి బొట్టు కారడం లేదు, ముందు తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. పైన ఫ్యాను తిరుగుతోంది. "దొంగలకి చెమట పట్టకూడదని ఫ్యాను కూడా వేసిపెట్టావా?" అన్నాడు మొగుడు, అంతకన్నా ఏమీ అనలేదు, ఆ మనిషి అంతే. ముందు తలుపుకి తన వేళ్ళ మీద కణుపు లేదు మరి. అది చూసుకునే వస్తువు కాదు, అందులోంచే కదా బయటికి పోయేది. అప్పటి నుంచీ ఇంట్లో ఎవరేం మర్చిపోయినా దాని పేరు ముందు తలుపే. కూరలో ఉప్పు మర్చిపోతే, ఇవాళ ముందు తలుపు వెయ్యలేదు అంటాడు తమ్ముడు. పిల్లయితే ఇంకా నవ్వుతుంది. ఇప్పుడు నవ్వు తల్లీ, నీ విశ్వానికి ముందు తలుపు ఎవరు వేస్తారు?

పిల్ల కదిలింది. బోర్డు మీద ఒక వరస రాసింది, పొడుగ్గా, వంకర టింకర అక్షరాలు, చివర్న రెండు గీతలు, ఆ గీతల తర్వాత ఏదో రాయబోయి ఆగి, అరచేత్తో మొత్తం తుడిచేసింది. అరచెయ్యి నల్లగా అయింది. మళ్ళీ రాసింది. ఆమెకి అందులో ఒక్క అక్షరం తెలియకపోయినా, అది ఇందాకటి వరసే అని తెలిసింది, అదే చోట అదే వంకర, అదే చోట అదే ముడి. మళ్ళీ తుడిచింది. ఇదేమిటి, రాసిందే రాస్తోంది, తుడిచిందే తుడుస్తోంది, మతి తప్పిందా? చదివి చదివి మెదడు వేడెక్కి కొందరికి అలాగే అవుతుందట, బేకరీకి వచ్చే పోస్టాయన చెప్పాడు, వాళ్ళ వీధిలో ఒకాయన లెక్కలు చదివి చదివి చివరికి గోడలకి నమస్కారం పెట్టేవాడని. మూడోసారి రాస్తోంది. అదే వరస. అప్పుడు కనిపించింది, పెన్ను లేని రెండో చెయ్యి. వీపు వెనక పెట్టుకుంది ఆ చెయ్యిని, ముందున్న పెద్దలకి కనిపించకూడదనుకుందో ఏమో, బోర్డుకి తిరిగి నిలబడ్డ సంగతే మర్చిపోయి ఉంటుంది. బొటనవేలు కణుపుల మీద నడుస్తోంది. చూపుడువేలు మీద, నడిమివేలు మీద, చివరికి వెళ్ళి మళ్ళీ మొదటికి.

ఆ చెయ్యి ఎవరిది?

ఆమెకి నిజంగానే ఒక క్షణం తెలియలేదు. తన చెయ్యి తన ఒళ్ళోనే ఉందా అని కిందికి చూసుకుంది. ఉంది, సీసా మూత పట్టుకుని ఉంది, బొటనవేలు కణుపుల మీద నడుస్తూనే ఉంది. ఇక్కడా అదే, అక్కడా అదే. ఇదేమిటి తల్లీ, నువ్వు నాన్న పోలిక కదా. బట్టీ ముందు ఉత్త చెయ్యి చాపి వేడి చూసే మనిషి పోలిక, కాలినా మొహం చిట్లించని మనిషి పోలిక. నిచ్చెన కనిపిస్తే ఎక్కావు, కుక్క కనిపిస్తే పలకరించావు, హాస్టలుకి పంపేటప్పుడు నేను ఏడిస్తే నా కళ్ళు నువ్వు తుడిచావు. నీకు భయమెందుకు వెయ్యదే అని అడిగితే ఏమన్నావు? "ఇంట్లో ఉన్న భయమంతా నువ్వే వాడేశావమ్మా, నాకెక్కడ మిగిల్చావ్?" అన్నావు. తమ్ముడు చప్పట్లు కొట్టాడు, తను కూడా నవ్వింది, లోపల్లోపల ఎంత హాయి అనిపించిందో, పోనీలే, నేను పడే పాట్లు నా ఒక్కదానితోనే పోతాయి, పిల్లకి అంటలేదు. అంటకపోవడమేమిటి, వేలి వేలికీ అంటుకునే ఉంది. ఎన్నేళ్ళుగా దాచింది? పెట్టె సర్దుకునేటప్పుడు తలుపు ఎందుకు మూసుకునేది? పరీక్షకి వెళ్ళే రోజు ముందే బయల్దేరి వెళ్ళిపోయేది, నా గోల భరించలేకనుకున్నాను, సందు చివరి దాకా వెళ్ళి వెనక్కి వచ్చి ఏదో చూసుకుని వెళ్ళేది, మర్చిపోయానమ్మా అనేది, ఏం మర్చిపోయావే అంటే ఏం లేదనేది. ఏం లేదు. ఏమీ మర్చిపోలేదు, మర్చిపోలేదని చూసుకోవడానికి వచ్చేది. నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పని అదే కదా, చూసుకోవడం. నవ్వుతూనే అంది. ఆ నవ్వు మొహం నిన్నటి దాకా తను చూసిన మొహమే, తన కళ్ళముందు పెరిగిన మొహమే, కానీ ఇప్పుడు వీపు వైపు నుంచి చూస్తుంటే ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టుంది, కొత్త మనిషి కూడా కాదు, తనే, తన వెనక నుంచి తనని తనే చూసుకుంటున్నట్టు. ఈ మాట, బేకరీ చూసుకుంటూ ఉండిపోయిన మొగుడికి చెప్పాలి. ఎలా చెప్పాలి? మన పిల్లకి భయం ఉందండీ అంటే, జ్వరమా అని అడుగుతాడు.

"నీళ్ళు కావాలా?" అంటోంది గైడు మేడం, లేచి సగం నిలబడి. పిల్ల పలకలేదు. పెన్ను ఇప్పుడు బోర్డుకి ఆనించి ఉంది, కదలడం లేదు, ఆనిన చోట నల్లచుక్క లావవుతోంది. మైకులోంచి సన్నగా ఈగ మోత. ఎవరి కుర్చీయో కిర్రుమంది, ఆ కుర్చీలోవాళ్ళు తప్పు చేసినట్టు బిగుసుకుపోయారు. పడిపోతుందేమో. వెనక్కి పడితే తల ఆ బల్ల అంచుకి తగులుతుంది, బల్ల అంచు ఇనుపది. పలకవేమే. చిన్నప్పుడు కూడా ఇంతే, పిలిస్తే పలకదు. ఓ మధ్యాహ్నం బేకరీలో ఉన్నట్టుండి కనిపించలేదు, పిండి బస్తాల గదిలో లేదు, పెరట్లో లేదు, రోడ్డు మీద లేదు, బట్టీ వైపు చూడ్డానికి తనకి మెడ తిరగలేదు. పిలుస్తూనే ఉంది, గొంతు చీరుకుపోయేలా, పనివాళ్ళందరూ చేతులు పిండితోనే వెతుకుతున్నారు, మొగుడు కూడా ఆ ఒక్కరోజు పరుగెత్తాడు. చివరికి గోడవార బోర్లించి ఉన్న పెద్ద పిండి తొట్టి కిందనుంచి తాపీగా ఒక గొంతు. ఆఁ, ఇక్కడే ఉన్నా. తొట్టి ఎత్తితే లోపల గుండ్రంగా ముడుచుకుని కూర్చుని ఉంది, అందుకే మేనమామ దానికి బఠాణీ అని పేరు పెట్టాడు, ఆ పేరే ఇంట్లో ఉండిపోయింది. పలకవేంటే, చచ్చిపోయాననుకున్నా కదే అని తను వీపు మీద ఒక్కటేసింది, వేసి తనే ఏడ్చింది. "పలికితే లెక్క తప్పిపోతుంది కదా," అంది పిల్ల. తొట్టికి పడ్డ చిల్లుల్లోంచి వచ్చే వెలుతురు చుక్కలు లెక్కపెడుతోందట. ఎన్నున్నాయే అని మొగుడు అడిగాడు. ఇంకా అవలేదు, మళ్ళీ మూసెయ్యండి అంది.

"ఇంకో రోజు పెట్టుకుందామా?" మఫ్లరాయన గొంతు. దయగానే ఉంది, అదే భయంగా ఉంది. "తొందరేం లేదమ్మా." ఆయన పక్కవాళ్ళ వైపు చూశాడు, పక్కవాళ్ళు ఎదురుగా ఉన్న కాగితాల వైపు చూశారు, ఒకాయన పెన్నుకి మూత పెట్టాడు. మూత పెట్టిన చప్పుడు హాలు చివరి దాకా వినిపించింది. అయిపోయింది. మూత పెట్టేశారంటే అయిపోయినట్టే. తొట్టి కింద ఉంది నా పిల్ల, ఎవరూ ఎత్తడం లేదు, ఇంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చుని చూస్తున్నారు, ఒక్కళ్ళూ ఎత్తరేం. తమ్ముడు మోచెయ్యి పట్టుకు లాగుతున్నాడు, "అక్కా కూర్చో, కూర్చో అక్కా," అంటున్నాడు. ఎందుకు కూర్చోమంటున్నాడో ఆమెకి అర్థం కాలేదు. తను నిలబడి ఉందని అప్పుడు తెలిసింది.

"బఠాణీ!"

ఆ కేక తన నోట్లోంచే వచ్చింది. పిండి గదిలో, పెరట్లో, రోడ్డు మీద వేసిన కేకే అది, గొంతు చీరుకుపోయిన చోటే మళ్ళీ చీరుకుపోయింది. హాలంతా వెనక్కి తిరిగింది. మఫ్లరాయన తిరిగాడు, గైడు మేడం తిరిగింది, వెనక కూర్చున్న అమ్మాయి చేత్తో నోరు మూసుకుంది. ఇంతమంది పెద్దల ముందు, ఇంత పెద్ద చదువు ముందు, గింజ పేరు పెట్టి పిలిచింది, పిల్ల పరువు నిలువునా తీసింది, నేల విచ్చుకుంటే బాగుండును. కానీ ఆమె కళ్ళు మాత్రం వీపు వెనకున్న ఆ చేతి మీదే ఉన్నాయి. కణుపుల మీద నడుస్తున్న బొటనవేలు ఆగింది. బోర్డుకి ఆనించిన పెన్ను ఎత్తింది పిల్ల. రెండు గీతల తర్వాత, ఖాళీగా వదిలేసిన చోట, చిన్న గుండ్రం ఒకటి చుట్టింది. ఈసారి తుడవలేదు. చాలాసేపు దాన్నే చూసింది.

"ఆఁ," అంది, బోర్డు వైపే తిరిగి. "ఇక్కడే ఉన్నా."

అప్పుడు వెనక్కి తిరిగింది. నుదుటి మీద నల్లమరక, అరచెయ్యంతా నలుపు. "సున్నా సర్. గోళం ఎంత పెద్దదైనా, తీగ వెంట ఎంత దూరం లాగినా, ఉన్న వంపూ తీసెయ్యాల్సిన వంపూ ఒక్కటే. తీసేస్తే ఏమీ మిగలదు. మొదటిసారి రాసినప్పుడే వచ్చింది, ఇంత తేలిగ్గా వస్తుందంటే నమ్మబుద్ధి కాక మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. అన్ని వైపులా సమానంగానే పొంగుతుంది." గొంతు వణికింది, వణుకుతున్నా దాచుకోలేదు. మఫ్లరాయన తల మీదుగా, హాలు చివర ఇంకా నిలబడే ఉన్న మనిషిని చూసింది.

"ముందు తలుపు వేసే ఉందమ్మా."